పేరు పెట్టి పిలిచే లాడ్జి

వెన్నెల లాడ్జిల పొద్దుమూకినంక ఎవరు పిలిచినా పలుకొద్దు. పాల్వంచ నుంచి సారపాక దాకా ఏ చాయ్ హోటల్ల కూసున్నోళ్ళను అడిగినా ఈ ముచ్చట చెప్తరు. చెప్పేటప్పుడు గొంతు జర తగ్గిస్తరు.

భద్రాచలం పోయే తొవ్వల, ఎర్రవాగు మలుపుకాడ, టేకు చెట్ల నడుమ ఉంటది ఆ లాడ్జి. ముంగట రోడ్డు, ఎన్క అడివి. ఒకపారి కోటేష్ అని ఓ లారీ డ్రైవర్ అండ్ల దిగిండట. నడిరాత్రి తలుపు అవతల వాళ్ళమ్మ గొంతు...

"కోటేషూ... తలుపు తియ్యి బిడ్డా..."

వాళ్ళమ్మ సచ్చిపోయి అప్పటికే మస్తు దినాలయింది. అయినా అమ్మ గొంతాయె, ఆగుతడా? తీసిండు. తెల్లారి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది, మంచం మీద లుంగీ ఉంది, మనిషి లేడు. వాగుల దొరికిండని కొందరంటరు, దొరకనే లేదని కొందరంటరు.

అది ఊకె "ఓయ్" అని పిలిచే రకం గాదట. పేరు పెట్టి పిలుస్తది. అది గూడ నీకు బాగ దగ్గరోళ్ళ గొంతు పెట్టుకోని మరీ పిలుస్తది. "ఆఁ" అంటివా... ఇగ నీ కథ అయిపోయినట్టే.

నవ్వొస్తుందా? నవ్వున్రి. భవాని గూడ నవ్వింది. ఆమె సంగతి పూర్తిగ విన్నంక గూడ నవ్వొస్తే అప్పుడు చెప్పున్రి.

భవాని అంటే ఇల్లందు కాలరీ క్వార్టర్లల్ల ఉండే చందర్ పెండ్లాం. చందర్ బొగ్గుబాయిల పని చేస్తడు. ఆమెకు తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేరైతే ఉంది గని, దాన్ని వాడినోడు లేడు. అత్త సమ్మక్క "పిల్లా" అంటది. వాడకట్టోళ్ళు "చందర్ పెండ్లాం" అంటరు. పిల్లజెల్ల లేకపాయె, ఉంటే కనీసం ఫలానావాని అమ్మ అన్న అందురు. ఇగ చందర్ అయితే "ఏయ్." ఏయ్, చాయ్. ఏయ్, చొక్క యాడుంది. కుక్కకన్న ఓ పేరుంటది గద.

ఒక్కసారి మాత్రం ముద్దుగ పిలిచిండు.

పెండ్లయిన కొత్తల రాములవారి దర్శనం చేసుకోని వస్త వస్త ఇదే లాడ్జిల ఆగిన్రు. అప్పటికి దానికి ఈ చెడ్డపేరు రాలే. ముంగట బంతిచెట్లు, గది నిండ టేకుమంచం, కాగుల కాగిన ఏన్నీళ్ళు, గోదారి చాపల పులుసు. మేనేజర్ గురవయ్య తెల్లచొక్క ఏస్కోని గేటు దాకా ఎదురొచ్చి దండం పెట్టిండు. గదికి ఎన్కదిక్కు ఓ వరండా, దానికింద వాగు. ఆ రాత్రి ఇద్దరు అండ్ల కూసున్నరు. వాగు సప్పుడు తప్ప ఇంకో సప్పుడు లేదు. చందర్ ఆమె దిక్కు చూసి అన్నడు.

"భవానీ... సలి పెడ్తుందా?"

గంతే. అదేమన్న పెద్ద మాటనా? కానీ ఆ పిల్లకు తన పేరు ఇంత మంచిగుంటదని ఆ పొద్దే ఎరుకయింది. సలి పెడ్తున్నా లేదని చెప్పింది, ఇంకోపారి అడుగుతడేమోనని.

క్వార్టర్ కొచ్చిన తెల్లారే చందర్ అదే ఊపుల "భవానీ" అని కేకేసిండు. పొయ్యికాడ కూసున్న సమ్మక్క అందుకుంది. "పెండ్లాన్ని పేరు పెట్టి పిలుస్తుండు సూడు! సిగ్గు శరం ఉండాలె మొగోనికి!" నల్లాకాడ బిందెలు పట్టుకునేటోళ్ళు పకపక నవ్విన్రు. ఆ దినం పోయిన పేరు మళ్ళ ఆ ఇంట్లకు రాలే.

సమ్మక్క ఇంకో పాఠం గూడ నేర్పింది. బాయిపని ఇండ్లల్ల అందరికి ఎరుకైన పాఠమే. రాత్రి షిఫ్ట్ చేసొచ్చి, పగటి ఎలుతురు కండ్లల్ల పడకుంట నెత్తి నుంచి కాళ్ళ దాకా దుప్పటి కప్పుకోని పండుకున్న మనిషిని లేపొద్దు. నిద్ర సాలక బాయిల దిగినోని మీద కప్పు కూలుతది అని వాళ్ళ నమ్మకం. "ఇల్లు కాలుతున్నా నా కొడుకును లేపకు. నీళ్ళు నువ్వే పొయ్యి" అని కోడలికి గట్టిగ చెప్పింది ముసల్ది. భవాని ఏండ్లకేండ్లు అట్లనే ఉంది. పక్కింట్ల లొల్లయినా, పాము జొచ్చినా, ఆయన ముసుగు మీద చెయ్యి ఎయ్యలే.

పోయిన ఏడు సమ్మక్క కాలం చేసింది. సంవత్సరీకం అయినంక భవాని మొగని ముంగట కూసోని మెల్లగ అడిగింది.

"భద్రాచలం పోయొద్దాం. ఆ లాడ్జిల్నే ఓ రాత్రి ఉందాం."

"లాడ్జెందుకు? దర్శనం చేసుకోని బస్సెక్కితే పొద్దుమూకేసరికి ఇంట్ల ఉంటం."

"నేనెప్పుడన్న ఏమన్న అడిగిన్నా మిమ్మల్ని? ఇది ఒక్కటే."

నిజంగనే ఎప్పుడు ఏమీ అడగలే ఆమె. చందర్ సరే అన్నడు. భవాని మనసుల లెక్క సాఫ్‌గ ఉంది. అడ్డమున్న ముసలామె పోయింది. ఆ లాడ్జి ఉంది, ఆ వరండా ఉంది, ఆ వాగుంది. ఒక్కపారి, సచ్చేలోపు ఒక్కపారి, మొగని నోట తన పేరు వినాలె. ఏం కోరిక తల్లీ! ఆడోళ్ళు బంగారం అడుగుతరు, చీర అడుగుతరు. ఈమె తన పేరు తనే అడుక్కోవాలని బయలెల్లింది.

బస్సు దిగి లాడ్జి చూసేసరికి భవాని పాణం ఉసూరుమన్నది.

బోర్డు మీద సగం అక్షరాలు రాలిపోయినయ్. బంతిచెట్లున్న జాగల ఖాళీ సీసలు పడున్నయ్. గురవయ్య బనీను మీదనే, చంక గీక్కుంట బయటికొచ్చిండు.

"మేం పెండ్లయిన కొత్తల ఇక్కడ ఉన్నం అన్నా. గుర్తున్నమా?" ఆశగ అడిగింది భవాని.

"వస్తుంటరు, పోతుంటరు. ఎందర్నని గుర్తువెట్టుకోవాలె తల్లీ?"

అదే గది ఇచ్చిండు. టేకుమంచం అమ్ముకున్నట్టుంది, దాని జాగల రెండు ఇనుప మంచాలు, ఈ గోడకొకటి ఆ గోడకొకటి, మూలకు ఓ పాత పరుపు చుట్ట. నల్లా తిప్పితే ముందు దగ్గింది, ఎన్కసీరి ఎర్రనీళ్ళు కక్కింది. ఏన్నీళ్ళు అడిగితే గురవయ్య నవ్విండు. చాపల పులుసు అడిగితే ఇంకింత నవ్వి, పప్పుచారు ఉందన్నడు. భద్రాచలంలనే కొత్త హోటళ్ళు లేచినంక ఇక్కడ ఆగేటోళ్ళు లేరు, పనోళ్ళు గూడ పోయిన్రు. ఆ రాత్రికి లాడ్జి మొత్తం మీద వీళ్ళిద్దరే.

ఎన్క వరండా తలుపు తీసింది భవాని. రెయిలింగు తుప్పు పట్టి ఊగుతుంది. వాగుకు దిగే మెట్లు వరదకు కొట్టుకపోయి, కింద బండలు తేలినయ్. ఆమె అండ్లనే కొద్దిసేపు నిలవడ్డది. ఏడుపొచ్చింది గని మింగేసింది.

పప్పుచారు పోస్కుంట గురవయ్య గొంతు తగ్గించిండు.

"పొద్దుమూకింది. గడియ పెట్టుకోన్రి. రాత్రి ఎవరు పిలిచినా పలుకొద్దు... లైటెయ్యొద్దు... తలుపు తియ్యొద్దు. నన్ను గూడ పిలువకున్రి, పిలిచినా నేను రాను." ఆ మీద లారీ డ్రైవర్ కోటేష్ కథ పూసగుచ్చినట్టు చెప్పిండు.

చందర్ అన్నం కలుపుడు ఆపిండు. భవాని మాత్రం ఫక్కున నవ్వింది.

"అదే నయమున్నట్టుంది అన్నా. నన్ను పేరు పెట్టి పిలిచే దిక్కు ఒకటన్న ఉంది."

గురవయ్య నవ్వలే. "పరాచికాలు గాదు తల్లీ" అన్నడు.

గదిలకొచ్చినంక కరెంటు పోయింది. భవాని చీకట్ల కూసోని, ఇన్నేండ్ల సంది నోట్లె నానుతున్న మాట బయట పెట్టింది.

"ఇగో... ఒక్కపారి పిలువున్రి."

"ఏమని?"

"అప్పుడు పిలిచిన్రు గద... నా పేరుతోటి."

చందర్ నవ్విండు. ఆ నవ్వు దగ్గయింది, బొగ్గుదుమ్ము మింగీ మింగీ ఆయన నవ్వినా దగ్గే వస్తది, నాలుగు మెట్లెక్కినా దమ్మే వస్తది.

"ఈ పాడువడ్డ కొంపకు గిందుకా నన్ను పట్టుకొచ్చినవ్? బాయికాడ హాజరు పిలిచేటోడు దినాం నా పేరు పిలుస్తడు. నేనేమన్న మురుస్తున్ననా?"

"మీ అమ్మ లేదు గద ఇప్పుడు. ఎవరన్న నవ్వుతరా?"

"నాకే నవ్వొస్తుంది. పండుకో."

పాపం, మనిషి చెడ్డోడు గాదు. ఆ మాట ఎట్ల అనాల్నో మరిచిపోయిండు, మరిచిపోయినని చెప్పరాక ఎక్కిరిచ్చిండు. గని చీకట్ల ఎదుటోళ్ళకు ముఖం కనవడదు, మాటే వినవడ్తది. భవాని గోడ దిక్కు తిరిగి పండుకుంది. ఏడ్చి ఏడ్చి ఎప్పుడో కన్నంటుకుంది.

ఠప్పుమని ఏదో ఇరిగిన సప్పుడుకు మెలకువొచ్చింది.

టేకు కొమ్మ ఇరిగింది గావచ్చు అనుకుంది. చెవి పెట్టి విన్నది. ఏం లేదు. కాళ్ళకు సల్లగాలి తగులుతుంది. చూస్తే వరండా తలుపు జానెడంత తెరిచుంది. గుండె ఝల్లుమన్నది. 'గడియ పెట్టుడు గూడ మరిచిండు ఈ మనిషి!' అని పిల్లిలెక్క లేచి, తలుపు దగ్గరికేసి, గడియ పెట్టింది. తిరిగొస్త ఇంకో మంచం దిక్కు చూసింది. మసక చీకటి. నెత్తి నుంచి కాళ్ళ దాకా దుప్పటి. ఎప్పటిలెక్కనే ముసుగు తన్ని పండుకున్నడు మొగడు.

ఆమె తన మంచం మీద ఒరిగింది. కండ్లు మూసింది.

"భవానీ..."

చటుక్కున కండ్లు తెరిచింది.

వాగు దిక్కు నుంచి. సన్నగ... బాయి అడుగు నుంచి వచ్చినట్టు.

"భవానీ..."

చందర్ గొంతు. అచ్చం చందర్ గొంతు. మొగడు చూస్తే ఈడ ముసుగు తన్ని పండుకున్నడు. పైంగ, ఆయన నోట్లకు ఆ పేరు యాడికెల్లి వస్తది? బతిమిలాడితేనే పిలువనోడు నడిరాత్రి అడివిల నిలవడి పిలుస్తడా? ఆయనైతే "ఏయ్" అంటడు. ఇది ఆయన గాదు. ఇది అదే.

"ఇగో..." అవతలి మంచం దిక్కు తిరిగి గుసగుసగ అన్నది. "వినవడ్తుందా మీకు?"

ముసుగు కదలలే. ఆమె లేపుదామని కాలు కింద పెట్టింది... అక్కన్నే ఆగింది. ఇల్లు కాలుతున్నా లేపకు అన్న అత్త మాట అడ్డమొచ్చింది. దానికి తోడు ఇంకో బుగులు. ఈ మనిషి లేస్తే ఊకుంటడా? "ఎవడ్రా అది?" అని తలుపు తీసినా తీస్తడు. అది పిలిచింది తనను. ఆయన్ను గాదు. పండుకోనీ. 'రామచంద్రా, పోతే నేను పోత. నా మొగని జోలికి రానియ్యకు' అని మొక్కుకుంది.

అప్పుడు ఇంకో సప్పుడు.

ఏదో ఈడ్చుకుంట వస్తుంది. కొద్దిగ ఈడుస్తది... ఆగుతది. మళ్ళ కొద్దిగ ఈడుస్తది... ఆగుతది. రాళ్ళ మీద, ఆకుల మీద, ఆఖరికి వరండా గచ్చు మీద. తలుపు దాకా వచ్చింది. మనిషైతే నిలవడి తలుపు కొడ్తడు. ఇదేమో కింద, గడప దగ్గర, గోర్లతోటి గీరుతుంది.

"భవానీ... భవా...నీ..."

ఎంత నెమ్మదిగ! ఎంత ముద్దుగ! ఏండ్ల కింద ఇదే వరండాల పిలిచినట్టే. ఆమెకు బుగులు కంటే ఎక్కువ ఏడుపొచ్చింది. మొగడు ఎక్కిరిచ్చి ఇయ్యనిది దయ్యం వచ్చి ఇస్తుందే! "ఆఁ" అనే మాట పెదవుల దాకా వచ్చింది. పైటకొంగు నోట్లె కుక్కుకుంది.

'నీ నోట్ల మన్ను వడ! నా మొగని గొంతు దొంగతనం జేసి నన్ను పిలుస్తవా? పో!' అని లోపల్లోపలే తిట్టింది. మెత్త చింపి, దూది తీసి, రెండు చెవులల్ల కుక్కుకుంది. దుప్పటి కప్పుకోని, మోకాళ్ళు కడుపులకు ముడుసుకోని, రామ రామ అనుకుంట పడి ఉంది.

కిటికి సందుల నుంచి ఎలుతురొచ్చింది.

భవాని దుప్పటి తీసింది. చెవులల్ల దూది తీసింది. కాకులు అరుస్తున్నయ్. ఇంకే సప్పుడు లేదు. బతికిపోయిన అనుకుంది. తను బతుకుడే గాదు, మొగన్ని గూడ కాపాడింది. మనసంత తేలికయింది. రాత్రి ఎక్కిరిచ్చిన సంగతి గూడ మరిచిపోయింది. ఈ ముచ్చట వింటే ఆయన ముఖం ఎట్ల పెడ్తడో చూడాలని నవ్వుకుంట లేచి, ఎన్నడు లేంది, ఆయన ముసుగు మీద చెయ్యేసింది.

"ఇగో, లేవున్రి! రాత్రి ఏమయిందో ఎరుకేనా? నేనే మిమ్మల్ని..."

దుప్పటి చేతులకొచ్చింది. దానికింద గురవయ్య మూలకు పడేసిన పాత పరుపు చుట్ట ఉంది. చందర్ లేడు. సలి తగులకుంట గోడ దిక్కు అడ్డం పెట్టుకున్నట్టుంది దాన్ని, లేచి పోయేటప్పుడు దుప్పటి దాని మీదనే ఏసి పోయిండు. నడిరాత్రి లేచి బీడీ తాగే అలవాటు ఆయనకు, మెత్త పక్కన బీడీకట్ట ఉండాలె, అది గూడ లేదు.

ఆమె తలుపు దిక్కు చూసింది. గడియ తను పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఆ గడియ తీసుడుకు ఆమెకు చేతులు రాలే. తీసినంక తలుపు రాలే. బయట బరువు ఆనుకోని ఉంది. భుజం పెట్టి నూకింది.

చందర్ గడప మీద బోర్ల పడున్నడు. రెయిలింగు ఇరిగి వాగు బండల మీద పడ్డది. ఆన్నుంచి వరండా దాకా తడి మన్నుల ఈడ్చుకుంట వచ్చిన గీత ఉంది. ఒక కాలు ఉండాల్సిన తీరుగ లేదు. గోర్లల్ల తలుపు రంగు ఇరుక్కోని ఉంది. చెయ్యి పట్టుకుంటే పెయ్యి ఇంక పూర్తిగ సల్లవడలే.

ఆమె ఒర్రుడు విని గురవయ్య ఉరికొచ్చిండు. చూసి, నెత్తి పట్టుకోని అక్కన్నే కూలవడ్డడు.

"దయ్యమే..." అన్నది భవాని. "దయ్యమే అనుకున్న అన్నా... నువ్వు చెప్పినవ్ గద..."

గురవయ్య గొల్లుమన్నడు. "దయ్యం లేదు, గియ్యం లేదు తల్లీ! పనోళ్ళు అందరు పోయిన్రు. నేనొక్కన్నే. దిగినోళ్ళు రాత్రంత నీళ్ళని, దోమలబత్తని, సోడా అని తలుపు కొట్టి పాణం తీస్తుంటే, ఓ దినం నోటికొచ్చిన కథ చెప్పిన. ఆ దినం నుంచి ఎవ్వడు నన్ను లేపలే. కమ్మగ నిద్రపట్టింది. కోటేషు లేడు, వాని అమ్మ లేదు. అంత నేను పుట్టిచ్చిందే."

భవాని ఏడుపు ఆగింది. మొగని నెత్తి ఒడిలకు తీసుకుంది. ముఖం మీది మన్ను కొంగుతోటి తుడుచుకుంట, ఆయన దిక్కే చూసుకుంట అడిగింది.

"ఆయన పిలుసుడు నీకు వినవడ్డదా?"

గురవయ్య నేల చూసిండు. "వినవడ్డది."

"దయ్యం లేదని నీకెరుకే గద. మరి ఎందుకు రాలే?"

"ఆలుమగలు అలిగిన్రనుకున్న తల్లీ. నువ్వు గడియ పెట్టుకున్నవ్, ఆయన బతిమిలాడుతుండు అనుకున్న. అంత ముద్దుగ పిలుస్తుంటే నడుమ నేనెందుకు అని..."

"ఎప్పటి దాకా పిలిచిండు?"

"వద్దు తల్లీ. అడగకు."

"చెప్పు."

గురవయ్య కండ్లు తుడుచుకున్నడు.

"తెల్లారేదాకా పిలిచిండమ్మా. ఇంకో మాట అనలే. నీ పేరే."